లద్దాఖ్‌కు ఏ బండి కట్టాలి?

మామ: లద్దాఖ్ పోయేదానికి కారవాన్ ఏంటికి రా? నా పాత బొలెరో చాలదా? గుత్తి కాడ 44వ నంబరు హైవే ఎక్కినావంటే కర్నూలు, హైదరాబాదు, నాగపూరు, ఢిల్లీ దాకా దారి పొడుగునా ధాబాలు, లాడ్జీలు, పంపులు, టైర్ల షాపులే. మనాలి దాటినాంక లేహ్ దాకా ఉండేది నాలుగొందల చిల్లర కిలోమీటర్లు. ఆ నాలుగొందల కోసం బళ్లారి నుంచి రెండున్నర వేల కిలోమీటర్లు మంచము, పొయ్యి, మరుగుదొడ్డి మోసుకుని పోతావా? మోసుకుపోయిన ప్రతి కేజీకి డీజిల్ పోయాల, బ్రేకు పట్టాల, కమాన్ కట్ట ఓర్చుకోవాల.

అల్లుడు: మనం సిద్ధం కావాల్సింది ఆ నాలుగొందల కోసమే మామా. మిగతా దూరం ఏ బండైనా పోతుంది. తాండి పంపు దగ్గర తర్వాతి పంపు 365 కిలోమీటర్ల తర్వాతే అని రాసిన బోర్డు ఆ దారిన పోయిన ప్రతివాడికీ గుర్తుంటుంది. ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో ఉద్యోగం చేస్తున్నన్నాళ్లూ ఇలాంటి దారులకు బయల్దేరేవాళ్లను దగ్గరగా చూశాను. నార్స్‌మన్ నుంచి పోర్ట్ అగస్టా దాకా నల్లార్బర్ మైదానం మీదుగా పోతే పదహారు వందల కిలోమీటర్ల పైచిలుకు. అందులో బల్లడోనియాకూ కైగూనాకూ మధ్య 146 కిలోమీటర్లు ఒక్క మలుపు లేదు. వాళ్లు ఇల్లు కదిలే ముందు మూడు లెక్కలు చూసుకుంటారు: నీళ్లు, స్పేరు టైర్లు, అనుకున్న వేళకు చేరకపోతే వెతికించాల్సిన మనిషి ఎవరు అన్నది. వెనక కారవాన్ తగిలించుకునేది సోకుకు కాదు. దారిలో ఏదీ దొరకదని తెలిసి, దొరకనిదాన్ని వెంట తీసుకుపోతారు.

మామ: ఆడ దారి తిన్నగా ఉంది కాబట్టి ఇంకో బండిని లాక్కుని పోతారు. మనాలి దారిలో గాటా లూప్స్ అని 21 హెయిర్‌పిన్ మలుపులు ఉండాయి. ముందు బండి మలుపు తిరిగినా వెనక బండి లోపలికి కోసుకుంటాది. ఎదురుగా మిలిటరీ లారీల వరస వస్తే వెనక్కి తీయాల. ట్రాలీ తగిలించిన బండిని ఎత్తులో, గులకరాళ్ల మీద, లోయ పక్కన రివర్సు తీసేవాడు మన బళ్లారిలో ఎంతమంది ఉండారు?

అల్లుడు: అది ఒప్పుకుంటాను. లాగే కారవాన్ ఆ దారికి పనికిరాదు. ఆస్ట్రేలియాలోనే ట్రైలరు బరువు 750 కిలోలు దాటితే దానికి వేరే బ్రేకులు ఉండాలి. రెండు టన్నులు దాటితే, కొక్కెం ఊడినా తనంతట తాను బ్రేకు పడే ఏర్పాటు ఉండాలి. కారవాన్ మొత్తం బరువులో పదో వంతు దాకా కొక్కెం మీద పడేట్టు సామాను సర్దాలి. వెనక బరువెక్కువైతే తోక ఊగి ముందు బండిని కూడా పడేస్తుంది. ఇన్ని తెలిసినవాళ్లే బోల్తా కొడుతుంటారు. నేను అడిగేది ఒకే ఛాసీ మీద కట్టిన కారవాన్. ట్రావెలర్ వ్యాను మీద కట్టిన బాడీ. కేరళ 2021లో కారవాన్ టూరిజానికి ప్రత్యేకంగా విధానమే తెచ్చింది. మన దేశంలోనూ ఇది కొత్త మాటేమీ కాదు.

మామ: అట్లయితే వ్యాను కొను. మంచాలు, కబోర్డులు మన బ్రూస్‌పేట షెడ్డులోనే బిగిస్తా. ముందర ఇనుప గార్డు కూడా వేస్తా.

అల్లుడు: అదే కుదరదు మామా. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కారవాన్ బాడీ కావాలంటే దానికి ప్రమాణాలున్నాయి, ఆ ప్రకారం ఆమోదం పొందినవాళ్ల దగ్గరే కట్టించాలి, ఆర్సీలో అట్లనే ఎక్కాలి. లేకుంటే ప్రమాదం జరిగినరోజు ఇన్సూరెన్సు వాళ్లు ముందు వెతికేది నీ వెల్డింగునే. ఇక ఇనుప గార్డు సంగతి. కంగారూలు అడ్డం వస్తాయని ఆస్ట్రేలియా పల్లెదారుల్లో అది లేని బండి అరుదు. ఇక్కడ 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ దాన్ని తీసేయించమని రాష్ట్రాలకు రాసింది. ఢీకొన్నప్పుడు దెబ్బ తాను తీసుకుని ముందుభాగం నలగాలి, సెన్సరు కదిలి ఎయిర్‌బ్యాగు తెరుచుకోవాలి. గార్డు ఆ రెండింటినీ చెడగొడుతుంది. రోడ్డున పోయే మనిషికి తగిలితే ఆ మనిషి బతకడం కష్టం.

మామ: సరే, గార్డు మాట వదిలేస్తి. అయితే ఒకటి విను. ఖనిజం లారీలు నడిచిన రోజుల్లో ఈ ఊళ్లో షెడ్డు పెట్టుకున్నోళ్లకు బరువు ఏం చేస్తాదో ఎవరూ చెప్పే పనిలేదు. 2011 జూలైలో కోర్టు గనులు ఆపేదాకా సండూరు, తోరణగల్లు వైపు నుంచి వచ్చే ప్రతి బండి ఎర్రదుమ్ములో మునిగే వస్తాండె. బరువు బండిని ఒక్కరోజులో విరగ్గొట్టదబ్బీ. మొదట బేరింగు వేడెక్కుతాది. గ్రీజు కరిగి బయటికొస్తాది. కమాన్ కట్టలో ఒక పట్టీ సన్నగా చీలుతాది, పైకి కనపడదు. టైరు లోపలి గోడ అలిసిపోతాది. ఇవన్నీ జరిగినా బండి పోతానే ఉంటాది. ఒకరోజు గుంతలో దిగి అన్నీ కలిసి ఒకేసారి చెప్తాయి. ఆ చెప్పేది బళ్లారి బైపాసు మీదైతే నన్ను పిలుస్తావు. లేహ్ దారిలో మోరే మైదానంలో అయితే ఎవర్ని పిలుస్తావు?

అల్లుడు: ఆ ప్రశ్నకు నా జవాబు కాటా. బండిలో ఎక్కించాల్సినవన్నీ ఎక్కించి, నీళ్లు, డీజిల్ నిండా పోసి, మనుషులతో సహా వే బ్రిడ్జి మీద పెడదాం. ముందు చక్రాలు ఒక్కటే పెట్టి ఒకసారి, వెనక చక్రాలు ఒక్కటే పెట్టి ఒకసారి తూకం. మొత్తం బరువు కంపెనీ హద్దులోనే ఉండి, వెనక యాక్సిలు మాత్రం హద్దు దాటి ఉండొచ్చు. నీళ్ల ట్యాంకు వెనకుంటే జరిగేది అదే. హద్దు దాటినంత బరువు దించేద్దాం.

మామ: ఆ మాట బాగుండాది. దూరం పోయే బండిని తూకమేసుకునేటోణ్ణి ఈ ఊళ్లో నేను చూడలేదు. పత్తికి తూకం, రాయికి తూకం, సంసారం ఎక్కే బండికి మాత్రం కంటి చూపే. సరే, ఏం దించుతావు? నువ్వు రాసుకున్న లెక్కలో మనిషికి రోజుకు పది లీటర్ల నీళ్లు. నలుగురికి మూడు రోజులంటే 120 కిలోలు. అది ఆస్ట్రేలియా ఎడారి లెక్క. లద్దాఖ్ దారిలో మంచు కరిగి రోడ్డుకు అడ్డంగా పారతాంటాది. ఆడ నీళ్లు లేకపోవడం కష్టం కాదు, ఎక్కువై వాగు దాటలేకపోవడం కష్టం. పొద్దున మంచు గట్టిగా ఉంటాది, నీళ్లు తక్కువ. మధ్యాహ్నం ఎండకు కరిగి వాగు పొంగుతాది. పొద్దున్నే దాటేయాలని తెలిసినోడికి ఇరవై లీటర్లు చాలు.

అల్లుడు: తాగే నీళ్లు కాచాలి కదా.

మామ: కాచుకో. చిన్న స్టవ్వు చాలు.

అల్లుడు: చాలదు మామా. ఎత్తుకు పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ఆ దారిలో ఎత్తున ఉండే సర్చూలాంటి చోట మామూలు గిన్నెలో పెట్టిన పప్పు ఉడకదు. కుక్కరు ఉండాల్సిందే, గ్యాసు మామూలుకంటే ఎక్కువ పడుతుంది. చలికి తలుపులన్నీ బిగించి లోపల స్టవ్వు వెలిగిస్తే విషవాయువుతో నిద్రలోనే ప్రాణం పోతుంది. కట్టించిన కారవాన్‌లో గ్యాసుకు బయటికి తెరుచుకునే వేరే అర, గాలి వచ్చే మార్గం, విషవాయువును పసిగట్టే అలారం పెట్టించుకోవచ్చు. నీ బొలెరో వెనక సీటు మీద ఐదు కిలోల సిలిండరు దొర్లుతుంటుంది.

మామ: వంటే వద్దంటాండా. ఎండిన జొన్నరొట్టెలు పది పదిహేను రోజులు చెడవు. శెనగపొడి, చెనక్కాయల చట్నీపొడి. బొరుగులు ఒక సంచి కట్టుకుంటే బరువేముంది? నీళ్లలో తడిపి పిండి, తిరగమాత డబ్బాలోంచి ఒక గంటె కలిపితే ఉగ్గాని. పొయ్యి మీద పెట్టే పనిలేదు. మన తిండే దూరప్రయాణానికి తగినట్టు పుట్టింది. అది మర్చిపోయి కుక్కరు మోయడం ఏంటికి?

అల్లుడు: ఇదొక్కటి నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ లేదు. రాసుకుంటాను. ఇక బండి సంగతి. నీ పాత బొలెరోనే పోదామంటావు. పదేళ్లు దాటిన డీజిల్ బండికి ఢిల్లీ చుట్టుపక్కల 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు అడ్డం పెట్టాయి. తర్వాత సడలింపులు, మార్పులు వచ్చినా, ఏ రోజు ఏ నిబంధన అమల్లో ఉందో చూసుకుని బయల్దేరాల్సిన బండి అది. మనాలి దారిలోని తంగ్లాంగ్ లా కనుమ ఎత్తు 17,000 అడుగుల పైనే. అక్కడ గాలిలో ఆక్సిజన్ మనూళ్లో ఉన్నదాంట్లో సగం. పాత పంపు ఇంజను పోసే డీజిల్ తగ్గించదు. నల్లపొగ వదులుతూ ఊపిరాడక నిలబడుతుంది. కొత్త ఇంజను గాలిని కొలిచి డీజిల్ తగ్గించుకుంటుంది.

మామ: కొలిచే సెన్సరు పాడైతే?

అల్లుడు: పాడైతే నీ వాదమే గెలుస్తుంది.

మామ: గెలుపు మాట వద్దు, బండి మాట చెప్తాండా. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటాది. అది తనంతట తాను కాలి శుభ్రం కావాలంటే బండి కొంతసేపు ఒక వేగంతో పోవాల. ఘాట్‌లో రెండో గేరులో గంటలకొద్దీ ఎక్కితే యాడ కాలుతాది? లైటు వెలుగుతాది, ఇంజను బలం తగ్గించుకుంటాది. చాలా బండ్లలో యూరియా ద్రావణం పోయాల, అది మైనస్ 11 డిగ్రీలకే గడ్డకడతాది. వేడి చేసే ఏర్పాటు బండిలోనే ఉంటాదిలే, కానీ పాడయ్యే సామాను ఇంకొకటి పెరిగినట్టే కదా. నా బొలెరోలో ఫ్యాన్ బెల్టు తెగినా, హోస్ పైపు పగిలినా, డీజిల్ ఫిల్టరు మూసుకుపోయినా రెండు పానాలతో రోడ్డు పక్కనే అవుతాది. ఆ దారిలో కీలాంగ్‌లో కుర్రోడికి కూడా ఆ పని తెలుసు. దారిలో ఎవడైనా బాగు చేయగలిగిన బండే దూరానికి పనికొచ్చే బండి. నా నమ్మకం అదీ.

అల్లుడు: నీ నమ్మకానికి బలముంది. ఆస్ట్రేలియా లోపలి ఊళ్లలో ఇప్పటికీ పాత ల్యాండ్ క్రూయిజర్లకు గిరాకీ తగ్గకపోవడానికి కారణం అదే. కానీ చలి పాత బండిని కూడా వదలదు. మైదానంలో పోయించిన డీజిల్ బాగా చలిలో మైనంలా చిక్కబడుతుంది. ఆ బాధ చూసే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లద్దాఖ్‌కు ప్రత్యేక డీజిల్ తెచ్చింది, మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుందని. మనం పోయేది ఆగస్టు, సెప్టెంబరు అయితే ఆ అవసరం రాదు. నెల ఎంచుకోవడమే సగం తయారీ.

మామ: మిగతా సగం టైర్లు. స్టెప్నీ ఒకటి చాలదు, రెండు. పంక్చరు కిట్టు, చిన్న కంప్రెసరు. బయల్దేరే ముందు బ్రేకు నూనె కొత్తది, లైనింగులు చూసుకోవాల. దిగేటప్పుడు గేరులోనే దిగాల, బ్రేకు తొక్కుతా దిగితే నూనె మరిగి పెడలు నేలకు తగులుతాది. బరువైన కారవాన్‌తో బారాలాచా కనుమ దిగడం తలచుకుంటే నాకు భయం పుడుతుంది, నిజం చెప్తాండా.

అల్లుడు: భయపడాల్సిందే. ఇక్కడ మనిద్దరికీ తేడా లేదు. ఇంకోటి. ఆస్ట్రేలియాలో దూరం పోయేవాళ్ల దగ్గర ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న పరికరం ఉంటుంది. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను పెట్టుకోవడం నేరం, సరిహద్దు దగ్గర మరీను. మన ప్రీపెయిడ్ సిమ్ము లద్దాఖ్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ తీసుకోవాలి, అదీ దారంతా అందదు. సాయం పిలిచే దారి లేనప్పుడు, సాయం అవసరం రాని బండి కావాలి.

మామ: తప్పు లెక్క. ఆ దారిలో పిలవాల్సిన పనిలేదు. నిలబడిన బండిని చూసి లారీవోడు ఆగుతాడు, మిలిటరీ బండి ఆగుతాది, బోర్డర్ రోడ్స్ కూలీలు వస్తారు. ఇల్లంతా వెంట ఉన్నోడు ఎవర్నీ పలకరించడు, ఎవరి టెంటులోనూ టీ తాగడు. అట్లాంటోడు ఆగిపోతే ఆ దారి వాళ్లకు వాడు తెలీదు. పాతకాలం లంబాడీ బిడారులు మన బళ్లారి సీమ మీదుగానే పోయినాయి. 1791, 92ల్లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ దండుకు తిండిగింజలు మోసింది వాళ్ల ఎద్దులే. ఒక ఎద్దు మీద ఇంత బరువని లెక్క. ఒకటి పడిపోతే దాని బరువు నాలుగింటికి పంచేవాళ్లు, బిడారు ఆగేది కాదు. ఒక్క పెద్ద బండి కన్నా రెండు చిన్న బండ్లు మేలనేది అందుకే. నాది ఒకటి, మీది ఒకటి. ఒకటి ఆగితే ఇంకోటి ఉంటాది.

అల్లుడు: రెండు బండ్ల మాట నచ్చింది మామా. కానీ ఆ బిడారులనే ఇంకో వైపు నుంచి చూడు. వాళ్లు ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను ఊళ్లో వదిలి పోలేదు. సంసారమంతా బిడారులోనే నడిచింది. అందరినీ తీసుకుపోవాలనుకున్నవాళ్ల ప్రయాణం అది. నాకు కావాల్సిందీ అదే. అమ్మకు షుగరు. రాత్రిపూట మూడుసార్లు లేస్తుంది. మోకాళ్లు వంగవు. ధాబా వెనక రేకుల గదికో, రాళ్ల చాటుకో అమ్మను పంపాలా? నువ్వూ నేనూ రోడ్డు పక్కన నిలబడి పని కానిచ్చుకుంటాం. మగవాళ్లం కాబట్టి బండికి మరుగుదొడ్డి బరువు అంటున్నాం. పోయినసారి తిరుపతి నుంచి వచ్చేటప్పుడు దారంతా అమ్మ నీళ్లు తాగలేదు. దాహం లేక కాదు. ఎత్తుకు పోయినప్పుడు నీళ్లు తాగకపోతే ఏమవుతుందో నీకు తెలుసు.

మామ: అక్క ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు.

అల్లుడు: నాతోనూ అనలేదు. గుక్కెడు నీళ్లు తాగి సీసా మూతపెట్టడం చూశాను.

మామ: దీనికి ఎదురు చెప్పను. మడత కుర్చీ మీద పెట్టుకునే కమోడు, చిన్న టెంటు దొరుకుతాయి, బొలెరోలో పట్టేస్తాయి అనాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ గాలిలో రాత్రిపూట టెంటు పట్టుకుని నిలబడేదెవరు? ఆయమ్మ మళ్లీ నీళ్లు మానేస్తాది.

(ఈ మాటలు రాస్తున్నవాడిగా ఒకటి చెప్పాలి. దూరప్రయాణాల మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఇంజను గురించి, టైర్ల గురించి పుటలు నింపుతాయి. బండిలో ఉండే ఆడవాళ్లు ఎక్కడ ఆగాలో ఒక్క వాక్యం ఉండదు. నా దృష్టిలో స్టెప్నీ తర్వాత రాయాల్సింది అదే.)

మామ: అక్క కోసమే ఇంకొక మాట చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. కారవాన్‌లో పక్క ఉంది కదా అని చీకటి పడిన చోట ఆపుతావు. సర్చూలో ఆపుతావు. అది 14,000 అడుగుల ఎత్తు. లేహ్ ఊరే 11,500. పగలు దాటిపోగలిగిన ఎత్తులో రాత్రి నిద్రపోతే తలనొప్పి, వాంతులు, ఊపిరితిత్తుల్లో నీరు. లాడ్జీ మీద ఆధారపడేటోడు జిస్పాలో ఆగుతాడు, అది తక్కువ ఎత్తు, మరుసటి రోజు తెల్లారక ముందే లేచి పోతాడు. యాడ పడితే ఆడ ఆగగలగడం మైదానంలో వరం. కొండ మీద అదే ఉరి.

అల్లుడు: అందుకే ఆ మనాలి దారే వద్దంటాను. అమ్మతో పోతే శ్రీనగర్ మీదుగా పోదాం. జోజిలా కనుమ 11,500 అడుగుల చిల్లర. ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తైన కనుమ ఫోతులా, 13,479. ద్రాస్‌లో, కార్గిల్‌లో రాత్రులు ఆగుతూ మెల్లగా ఎక్కితే ఒళ్లు అలవాటు పడుతుంది. లేహ్ చేరాక రెండు రోజులు కదలకూడదు. ఉమ్లింగ్ లా, 19,024 అడుగులు, ఫోటోలు చూసి నాకూ ఆశే, కానీ అమ్మతో ఆ పేరే ఎత్తను.

మామ: ఇప్పుడు నువ్వే దారి మార్చి బండి అవసరం తగ్గించినావు. శ్రీనగర్ దారిలో ఊళ్లున్నాయి, పంపులున్నాయి, గదులున్నాయి. కారవాన్ ఏంటికి అన్న నా మొదటి మాటకే వచ్చినాం.

అల్లుడు: రాలేదు మామా. ఊళ్లున్నా ఊళ్ల మధ్య గంటలున్నాయి. జోజిలా మూసేస్తే సోన్‌మార్గ్ దగ్గర ఒక పూటంతా బండి వరసలో నిలబడుతుంది. అప్పుడు అమ్మ ఎక్కడికి పోవాలి?

మామ: వరసలో నిలబడే బండి పొడుగు ఎంత ఉంటే అంత కష్టం కూడా.

అల్లుడు: నిజమే.

మామ: నా అసలు భయం వేరే ఉంది, చెప్పేస్తా. దూరం పోయేటోడికి వెనక్కి తిరగడం తెలిసుండాల. వాన పడి రోడ్డు కోసుకుపోయింది, లేకుంటే అక్కకు ఊపిరి ఆడలేదు, తిరిగి పోదాం అనుకోవాల. అంత డబ్బు పోసి కట్టించిన బండిలో కూర్చున్నోడు తిరుగుతాడా? ఇన్ని మోసుకొచ్చినాను, ఇంకొక్క కనుమే కదా అంటాడు. బండికి మనం చేసే తయారీ ఎక్కువయ్యేకొద్దీ తిరిగే మనసు తగ్గిపోతాది.

అల్లుడు: అందులో సగం ఒప్పుకుంటాను. నేను చూసింది దీనికి ఎదురు కూడా ఉంది. గది బుక్ చేసుకున్నవాడే చీకటిలో, వానలో, ఎట్లైనా ఆ ఊరు చేరాలని తొక్కుతాడు. ఎడారి దారుల్లో సంధ్యవేళ, కంగారూలు రోడ్డెక్కే వేళ, బండి పక్కకు తీసి ఆపేది కారవాన్ వాళ్లు. మోటెలుకు అందుకోవాలని పరుగెత్తే కార్లు వాళ్లను దాటుకుంటూ పోతాయి. వెంట పక్క ఉన్నవాడికి ఆగడానికి ఒక సాకు తక్కువ కావాలి.

మామ: ఆగేటోడి చేతిలో ఉంటే ఆ బండి మంచిదే. పోయేటోడి చేతిలో ఉంటే?

అల్లుడు: నీ బొలెరో మాత్రం పోయేవాడి చేతిలో ఏం చేస్తుంది?

మామ: అదీ నిజమే. రేపు పొద్దున ట్రావెలర్ అద్దెకు తీసుకురా, మన షెడ్డు ముందర నిలబెట్టు. చూసేది నేను. కాటాకు పోయేది ఇద్దరం. వెనక యాక్సిలు మీద బరువు ఎంతొస్తాదో చూసి మళ్లీ మాట్లాడుకుందాం. నేను మాత్రం ఇప్పటికీ బొలెరోనే అంటాండా.

అల్లుడు: కాటాకు అమ్మను కూడా తీసుకొస్తాను. ఏ సీటులో కూర్చుంటుందో, రాత్రిపూట ఎటు దిగుతుందో అమ్మే చెప్తుంది. ఆ తర్వాత నువ్వు ఎన్ని కిలోలు దించమంటే అన్ని దించుతాను, ఆ ఒక్క గది తప్ప.